జార్జి ముల్లర్

జార్జి ముల్లర్ (సెప్టెంబర్ 27, 1805 - మార్చి 10, 1898) ప్రష్యా రాజ్యంలో జన్మించి, ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో స్థిరపడిన క్రైస్తవ బోధకుడు, అనాథ శరణాలయాల స్థాపకుడు. తన జీవితకాలంలో పదివేల మందికి పైగా తల్లిదండ్రులు లేని పిల్లలను పోషించాడు. ఇందుకోసం ఎవరినీ చందా అడగకూడదనీ, అప్పు చేయకూడదనీ, నియమిత జీతం తీసుకోకూడదనీ నిర్ణయించుకొని, ఆ నియమాలకు ఆరు దశాబ్దాలకు పైగా కట్టుబడి ఉన్నాడు. ఈ లోకంలో కూడబెట్టే ధనం నశించేది, పరలోకంలో కూడబెట్టే ధనం నిలిచేది అన్న సువార్త బోధను ఇతడు ఉపమానంగా గాక ఆచరించవలసిన ఆజ్ఞగా స్వీకరించాడు. ముల్లర్ చేతుల మీదుగా పదిహేను లక్షల పౌండ్లకు చేరువైన సొమ్ము ఖర్చయింది. మరణానంతరం లెక్క కట్టగా అతని సొంత ఆస్తి విలువ సుమారు 160 పౌండ్లుగా తేలింది.

బాల్యం, యౌవనం

ముల్లర్ ప్రష్యాలోని హాల్బర్‌స్టాట్ పట్టణానికి సమీపాన ఉన్న క్రోపెన్‌స్టెట్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి ప్రభుత్వ పన్నుల వసూలు ఉద్యోగి. 1810లో ఈ కుటుంబం హైమర్స్‌లేబెన్ అనే ఊరికి మారింది. పిల్లలకు చిన్ననాటి నుండే డబ్బు వాడకం అలవాటు కావాలనే ఉద్దేశంతో తండ్రి వారికి ధారాళంగా సొమ్ము ఇచ్చేవాడు. ఫలితం విపరీతమైంది. ముల్లర్ దుబారా చేయడం, తప్పుడు లెక్కలు చూపడం నేర్చుకున్నాడు. తండ్రి వసూలు చేసి ఇంట్లో ఉంచిన ప్రభుత్వ ధనంలో నుండి పది సంవత్సరాలు నిండక ముందే పలుమార్లు దొంగిలించాడు. పద్నాలుగవ యేట, తల్లి మరణశయ్యపై ఉన్న రాత్రి, ఆ సంగతి తెలియక స్నేహితులతో పేకాటలో, తాగుడులో గడిపాడు.

పదహారవ యేట పూటకూళ్ళ ఇళ్ళలో ఖరీదైన వసతి తీసుకొని, డబ్బు చెల్లించకుండా జారుకోవడానికి ప్రయత్నించి పట్టుబడ్డాడు. 1821 డిసెంబరు నుండి 1822 జనవరి వరకు వోల్ఫెన్‌బ్యూటెల్‌లో జైలులో ఉన్నాడు. తండ్రి బాకీ తీర్చిన తరువాతనే విడుదలయ్యాడు. ఈ సంగతులన్నిటినీ ముల్లర్ తరువాతి కాలంలో ప్రచురించిన స్వీయ వృత్తాంతంలో తానే దాపరికం లేకుండా రాశాడు.

హాలె విశ్వవిద్యాలయం

కుమారుణ్ణి మతాచార్యుణ్ణి చేయాలని తండ్రి కోరిక. ఆ కోరికకు భక్తి కారణం కాదు. ఆనాటి ప్రష్యాలో ప్రభుత్వ చర్చిలో మతాచార్య పదవి అంటే మంచి జీతం, ఉచితంగా ఇల్లు, సమాజంలో గౌరవం. వృద్ధాప్యంలో తాను కూడా కుమారుని ఇంట సుఖంగా ఉండవచ్చని తండ్రి ఆశించాడు. ముల్లర్ 1825లో హాలె విశ్వవిద్యాలయంలో దైవశాస్త్ర విద్యార్థిగా చేరాడు. అప్పటికి అతని వద్ద ఎన్నో పుస్తకాలున్నా బైబిలు మాత్రం లేదు.

1825 నవంబరులో బేటా అనే సహవిద్యార్థి వెంట ఒక వ్యాపారి ఇంట జరిగే ప్రార్థన కూటానికి వెళ్ళాడు. అక్కడ సామాన్యులు మోకరించి ప్రార్థించడం చూసి అతని మనసు మారింది. తాను అంతకు ముందు ఎవరూ మోకరించి ప్రార్థించగా చూడలేదని చెప్పుకున్నాడు. కొద్ది కాలానికే మిషనరీగా వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. ఇది విని తండ్రి ఆగ్రహించాడు. కుమారుని చదువు కోసం చేసిన ఖర్చు, తన వృద్ధాప్యపు ఆశ రెండూ వృథా అయ్యాయని బాధపడ్డాడు. తండ్రి ఆశలను నెరవేర్చని తాను అతని సొమ్ముతో చదవడం న్యాయం కాదని తలచి ముల్లర్ అప్పటి నుండి తండ్రి వద్ద ధనం తీసుకోవడం మానివేశాడు. హాలెకు వచ్చిన అమెరికన్ పండితులకు జర్మన్ భాష నేర్పి తన ఖర్చులు గడుపుకున్నాడు.

ఈ కాలంలోనే కొన్ని వారాల పాటు హాలెలోని ఒక అనాథ శరణాలయంలో, పేద దైవశాస్త్ర విద్యార్థులకు ఉద్దేశించిన ఉచిత గదిలో నివసించాడు. ఔగుస్త్ హెర్మన్ ఫ్రాంకె అనే మతాచార్యుడు పదిహేడవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఆ శరణాలయాన్ని ప్రారంభించాడు. ముల్లర్ తరువాతి కృషికి ఇదే నమూనా అయింది.

ఇంగ్లాండు రాక, జీతం వదలుకోవడం

యూదుల మధ్య క్రైస్తవ ప్రచారం చేసే ఒక సంఘం తరఫున శిక్షణ పొందడానికి ముల్లర్ 1829 మార్చిలో లండన్ చేరాడు. ఆరోగ్యం దెబ్బతినడంతో ఆ వేసవిలో డెవన్ ప్రాంతంలోని టిన్‌మత్ అనే సముద్రతీర పట్టణానికి వెళ్ళాడు. అక్కడ హెన్రీ క్రెయిక్ అనే స్కాట్లాండు బోధకునితో స్నేహం కుదిరింది. ఈ స్నేహం 1866లో క్రెయిక్ మరణించేవరకు సాగింది. 1830 ఆరంభంలో లండన్ సంఘంతో సంబంధం వదలుకొని, టిన్‌మత్‌లోని ఎబినేజరు ప్రార్థనా మందిరానికి కాపరి అయ్యాడు. జీతం సంవత్సరానికి 55 పౌండ్లు.

1830 అక్టోబరు 7న మేరీ గ్రోవ్స్‌ను వివాహం చేసుకున్నాడు. అదే నెలలో ఈ దంపతులు రెండు నిర్ణయాలు తీసుకున్నారు. మొదటిది జీతం తీసుకోకపోవడం. ఆనాడు ప్రార్థనా మందిరాలలో కూర్చునే చోటుకు రుసుము చెల్లించే పద్ధతి ఉండేది. ధనవంతులు మంచి చోట్లు కొనుక్కునేవారు, పేదలు మిగిలిన చోట కూర్చునేవారు. కాపరి జీతం ఈ రుసుము నుండే వచ్చేది. సభలో ధనికునికి ఒక చోటు, పేదకు ఒక చోటు చూపడం తప్పని యాకోబు పత్రిక బోధిస్తుండగా, ఆ విధానం మీద వచ్చే జీతం తనకు తగదని ముల్లర్ భావించాడు. మందిరంలో ఒక పెట్టె ఉంచారు. ఎవరికి ఇష్టమైతే వారు, ఎంత ఇష్టమైతే అంత, పేరు తెలియకుండా అందులో వేయవచ్చు.

రెండవ నిర్ణయం ఇంకా కఠినమైనది. ఉన్నది అమ్మి దానం చేసి పరలోకంలో తరగని ధనాన్ని సంపాదించుకొమ్మని లూకా సువార్త పన్నెండవ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన బోధను అక్షరాలా ఆచరించాలని దంపతులు అనుకున్నారు. ఉన్న కొద్దిపాటి సొమ్మును పంచివేశారు. తమ అవసరాలను మనుష్యులెవరికీ తెలుపక దేవునికి మాత్రమే చెప్పుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ తరువాత ఇంట్లో కొన్ని షిల్లింగులే మిగిలిన రోజులు, ఏమీ మిగలని రోజులు కూడా వచ్చాయి. అయితే మొదటి పూర్తి సంవత్సరమైన 1831లో వారికి అందిన కానుకల మొత్తం వదలుకున్న జీతానికి రెండింతలు మించింది.

గ్రోవ్స్ ప్రభావం

ముల్లర్ భార్య మేరీ సోదరుడు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్. ఇతడు ఎక్సెటర్ నగరంలో పేరుపొందిన దంతవైద్యుడు. సంవత్సరానికి సుమారు 1,500 పౌండ్లు ఆర్జించే వృత్తిని విడిచి, 1829లో మిషనరీగా బాగ్దాదుకు బయలుదేరాడు. భూలోకంలో ధనం కూడబెట్టుకొనవద్దన్న క్రీస్తు మాటను క్రైస్తవులు ఉన్నదున్నట్లుగా పాటించాలని వాదిస్తూ గ్రోవ్స్ 1825లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ముల్లర్ ఇంగ్లాండుకు వచ్చిన కొత్తలో గ్రోవ్స్ త్యాగం గురించి విని ఎంతో ఉత్తేజితుడయ్యాడు. బంధుత్వం ఆ తరువాత కలిసింది.

బ్రిస్టల్ నగరం

1832లో ముల్లర్, క్రెయిక్ ఇద్దరూ బ్రిస్టల్‌కు వచ్చి గిడియోను, బెతెస్ద అనే రెండు ప్రార్థనా మందిరాలలో బోధ ప్రారంభించారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో ముల్లర్ దంపతులకు లిడియా అనే కుమార్తె, 1834లో ఎలైజా అనే కుమారుడు కలిగారు. ఎలైజా 1835లో పదిహేను నెలల వయసులో న్యుమోనియాతో మరణించాడు. పెరిగి పెద్దదైన సంతానం లిడియా ఒక్కతే.

1834 మార్చి 5న ముల్లర్, క్రెయిక్ కలిసి లేఖన జ్ఞాన సంస్థను స్థాపించారు. బైబిలు నేర్పే పాఠశాలలకు సహాయం చేయడం, బైబిళ్ళు పంచడం, మిషనరీలకు ధనసహాయం చేయడం దీని ఆశయాలు. సంపన్నుల పేర్లను పోషకులుగా పెట్టుకొని వాటి బలంతో విరాళాలు పోగు చేసే పద్ధతిని ఈ సంస్థ పాటించలేదు. అప్పు చేయరాదన్నది మొదటి నుండి నియమం. వచ్చిన ధనం మొత్తాన్ని బట్టి పని విజయాన్ని కొలవరాదన్నది మరో నియమం.

అనాథ శరణాలయాల ఆరంభం

ముల్లర్ శరణాలయం ప్రారంభించడానికి అనాథల దుస్థితి ఒక కారణం మాత్రమే. ప్రధాన కారణం వేరని ఇతడు స్పష్టంగా రాశాడు. బ్రిస్టల్‌లో ఇతడు కలిసిన విశ్వాసులలో అనేకులు రేపటి గురించిన భయంతో జీవించేవారు. రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు శ్రమిస్తూ, ప్రార్థనకు సమయం లేక శరీరం, మనసు రెండూ నలిగిపోయిన ఒక శ్రామికునితో పని కొంత తగ్గించుకొమ్మని ముల్లర్ చెప్పాడు. తగ్గిస్తే కుటుంబానికి తిండి చాలదని ఆ శ్రామికుడు బదులిచ్చాడు. వ్యాపారులలో కొందరు తమ మనస్సాక్షికి విరుద్ధమైన పద్ధతులను తెలిసీ మానలేకపోయేవారు. వృద్ధులు ముసలితనంలో అనాథలమవుతామని వణికేవారు. దేవుడు నమ్మదగినవాడని నోటితో చెబితే వీరికి చాలదనీ, కళ్ళకు కనిపించే నిదర్శనం కావాలనీ ముల్లర్ భావించాడు. చేతిలో ఏమీ లేని ఒక పేదవాడు ఎవరినీ అడగకుండా, ప్రార్థన మీదనే ఆధారపడి అనాథలను పోషించగలిగితే అదే నిదర్శనమవుతుందని ఆలోచించాడు.

1835 నవంబరులో ఫ్రాంకె జీవితచరిత్రను మళ్ళీ చదవడంతో ఈ ఆలోచన స్థిరపడింది. డిసెంబరు 9న బహిరంగ సభలో దానిని ప్రకటించాడు. ఆ సభలో కూడా చందా వసూలు చేయలేదు.

తొలి కానుకలు ఇచ్చినవారిలో కుట్టుపని చేసుకొని బ్రతికే ఒక స్త్రీ చెప్పుకోదగినది. ఆరోగ్యం అంతంతమాత్రమైన ఈమె వారపు సంపాదన కొన్ని షిల్లింగులే. ఈమె 100 పౌండ్లు ఇవ్వగా ముల్లర్ తీసుకోవడానికి సందేహించాడు. ఆవేశంలో ఇచ్చి తరువాత విచారిస్తుందేమోనని ఆమెను పిలిపించి ప్రశ్నించాడు. ఆమెకు కుటుంబం నుండి 480 పౌండ్ల వారసత్వం వచ్చింది. తండ్రి చేసిన అప్పులలో కొంత భాగానికే అప్పులవారు ఒప్పుకొని వదిలివేసినా, ఆమె మిగిలిన భాగాన్ని రహస్యంగా తీర్చివేసింది. తల్లికి 100 పౌండ్లు ఇచ్చింది. ఆలోచించే ఇస్తున్నదని నమ్మకం కుదిరిన తరువాతనే ముల్లర్ ఆ కానుకను స్వీకరించాడు. ఈమె పేరును ఇతడు పొడి అక్షరాలతోనే సూచించాడు.

1836 ఏప్రిల్ 11న విల్సన్ వీధిలోని ఒక అద్దె ఇంట్లో బాలికల శరణాలయం ప్రారంభమైంది. ఆ ఇంట్లో అంతకుముందు ముల్లర్ కుటుంబమే నివసించేది. అదే సంవత్సరం చిన్నపిల్లలకు, 1837లో బాలురకు వేరు వేరు ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఆ వీధిలో నాలుగు ఇళ్ళలో సుమారు 130 మంది పిల్లలు ఉండేవారు.

కొరత రోజులు

1838 నుండి కొన్ని సంవత్సరాలు తీవ్రమైన కొరత కాలం. ఉదయం లేచేసరికి ఖజానాలో ఒక్క పెన్నీ లేని రోజులు ఎన్నో గడిచాయి. ముల్లర్ తన ఇబ్బందులను బయటివారికి చెప్పలేదు గాని శరణాలయంలో పనిచేసేవారికి చెప్పాడు. వారు కలిసి ప్రార్థించేవారు, తమ సొంత సొమ్ములో నుండి ఇచ్చేవారు, అవసరం లేని వస్తువులను అమ్మేవారు. అంగడి అరువు పెట్టకుండా ఏ రోజు రొట్టె, పాలు ఆ రోజే నగదిచ్చి కొనాలన్న పద్ధతి అమలులోకి వచ్చింది. నగదు లేకపోతే కొనుగోలు లేదు.

1838 సెప్టెంబరులో జరిగిన ఒక సంఘటనను ముల్లర్ ప్రత్యేకంగా నమోదు చేశాడు. అన్ని దారులూ మూసుకుపోయిన ఒక రోజున లండన్ నుండి వచ్చిన ఒక స్త్రీ మూడు పౌండ్లకు పైగా సొమ్ము తెచ్చి ఇచ్చింది. ఆమె అప్పటికే కొన్ని రోజులుగా బాలుర శరణాలయం పక్క ఇంట్లోనే బస చేసి ఉన్నది. సహాయం చేరువలో ఉండి కూడా అవసరం పరాకాష్టకు చేరేవరకు అందకపోవడాన్ని ముల్లర్ దైవసంకల్పంగా అర్థం చేసుకున్నాడు. ఖాళీ బల్లల ముందు పిల్లలను కూర్చోబెట్టి ముల్లర్ ప్రార్థించగా రొట్టెలవాడు, పాలబండివాడు తలుపు తట్టారన్న కథ ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. అది ముల్లర్ మిత్రుని కుమార్తె తన చిన్ననాటి జ్ఞాపకంగా చెప్పగా ప్రచారంలోకి వచ్చినది. ముల్లర్ దినచర్యలో కనిపించే సంఘటనలు ఇంతకంటే సాదాసీదాగా ఉంటాయి. ఒకరు రెండు షిల్లింగులు ఇవ్వడం, మరొకరు పాత గడియారాన్ని కానుకగా పంపడం, దానిని అమ్మి ఆ పూట గడపడం వంటివే అందులో ఎక్కువ.

1841 చివర నిధులు అడుగంటిన సమయంలో వార్షిక సభ, వార్షిక నివేదిక రావలసి ఉండగా ముల్లర్ వాటిని కొన్ని నెలలు వాయిదా వేశాడు. ఆ సమయంలో లెక్కలు చదివితే అది పరోక్షంగా యాచించినట్లవుతుందని అతని అభిప్రాయం.

ఆష్లీ డౌన్ శరణాలయాలు

విల్సన్ వీధిలో పిల్లల అల్లరి వలన తమకు అసౌకర్యంగా ఉందని 1845లో ఒక ఇరుగుపొరుగు నివాసి మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉందని ముల్లర్ ఒప్పుకున్నాడు. ఊరి వెలుపల ఆష్లీ డౌన్ అనే మెట్ట మీద స్థలం కొని సొంత భవనం కట్టడానికి పూనుకున్నాడు. అవసరమైన ధనం పూర్తిగా చేతికి అందిన తరువాతనే నిర్మాణం మొదలుపెట్టాడు. 300 మంది పిల్లల కోసం కట్టిన మొదటి భవనం 1849 జూన్‌లో ప్రారంభమైంది. 1857లో రెండవది, 1862లో మూడవది, 1868లో నాలుగవది, 1870లో అయిదవది వెలిశాయి. అన్నిటిలో కలిపి 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడింది. ఈ అయిదు భవనాలకు లక్ష పౌండ్లకు పైగా ఖర్చయింది.

పిల్లలకు చదువు, చేతిపని నేర్పేవారు. బాలురను పద్నాలుగు, పదిహేను సంవత్సరాల వయసులో వృత్తి నేర్చుకోవడానికి పనివారి వద్ద చేర్చేవారు. బాలికలు పదిహేడేళ్ళ వయసు వరకు ఉండి గృహసేవకు, నర్సు పనికి, కొందరు ఉపాధ్యాయ వృత్తికి వెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి బట్టలు, బైబిలు ఇచ్చి పంపేవారు. చార్లెస్ డికెన్స్ నడిపిన హౌస్‌హోల్డ్ వర్డ్స్ పత్రిక 1857లో ఈ శరణాలయం గురించి ఒక వ్యాసం ప్రచురించింది.

ధనం పట్ల దృక్పథం

ముల్లర్ ధనాన్ని అసహ్యించుకోలేదు, అజాగ్రత్తగానూ చూడలేదు. తన వద్దకు వచ్చే ప్రతి నాణెమూ వేరొకరిదనీ, తాను దానికి కేవలం గృహనిర్వాహకుణ్ణనీ భావించాడు. అందువలననే అతని లెక్కలు అత్యంత నిక్కచ్చిగా ఉండేవి. అర్ధ పెన్నీ కానుకకు కూడా రసీదు ఇచ్చేవాడు. ఏ పని కోసం ఇచ్చిన సొమ్మును ఆ పనికే వాడేవాడు. దాతల పేర్లను ప్రచురించేవాడు కాదు. బాల్యంలో తండ్రికి దొంగ లెక్కలు చూపిన వ్యక్తి ఇలా మారడాన్ని జీవితచరిత్రకారులు విశేషంగా పేర్కొంటారు.

అప్పులున్నవారు కానుక ఇస్తే ముందు అప్పు తీర్చుకొమ్మని చెప్పేవాడు. 1856లో ఒక దాత ముల్లర్ కుటుంబ భవిష్యత్తు కోసం నిధి ఏర్పరచుకొమ్మని 100 పౌండ్లు పంపాడు. ముల్లర్ వయసు అప్పటికి యాభై దాటింది. భార్య, పెళ్ళి కాని కుమార్తె ఉన్నారు, ఆస్తి ఏమీ లేదు. అయినా తన కోసం నిధి కూడబెట్టుకుంటే ఇంతకాలం నమ్మినదానిని తానే కాదన్నట్లవుతుందని వివరించి ఆ సొమ్మును నిరాకరించాడు. దాత దానిని అనాథల కోసం ఉంచుకొమ్మని కోరాడు. కుమార్తె లిడియా కూడా దాదాపు మూడు దశాబ్దాలు జీతం లేకుండా శరణాలయాలలో పనిచేసింది.

ఇచ్చినవారికి ఈ లోకంలోనూ మేలు కలగడం తాను చూశానని ముల్లర్ రాసేవాడు. అయితే తిరిగి పొందాలన్న ఆశతో ఇవ్వడం దానం కాదని హెచ్చరించేవాడు. అతని దృష్టిలో దానానికి ప్రతిఫలం నిత్యజీవానికి సంబంధించినది. మనిషి సంపద చేతిలో మిగిలినదానిని బట్టి గాక, చేతి నుండి విడిచినదానిని బట్టి తేలుతుందన్నది అతని బోధ సారాంశం.

సంస్థ వార్షిక నివేదికలలో పరలోకంలో ధనం కూడబెట్టుకోగోరే ఒక క్రీస్తు సేవకుని పేర కానుకలు ఏటా కనిపించేవి. ఆ అజ్ఞాత దాత ముల్లరేనని తరువాత వెల్లడైంది. తన సొంత వాడకం కోసం వ్యక్తిగతంగా అందిన కానుకల నుండి ఇతడు ఈ విధంగా జీవితకాలంలో 81 వేల పౌండ్లకు పైగా తిరిగి ఇచ్చివేశాడు.

ఆంధ్ర ప్రాంతంతో సంబంధం

ముల్లర్ బావమరిది గ్రోవ్స్ బాగ్దాదు నుండి 1833లో భారతదేశానికి వచ్చాడు. తిరిగి ఇంగ్లాండు వెళ్ళి, డెవన్ ప్రాంతానికి చెందిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు సామాన్య చేతివృత్తులవారిని, వారి భార్యలను వెంటబెట్టుకొని 1836లో మద్రాసు చేరాడు. బౌడెన్, బీర్ కుటుంబాలు మచిలీపట్నం మీదుగా నరసాపురం ప్రాంతానికి చేరి, నియమిత జీతం లేకుండానే పనిచేశాయి. గోదావరి డెల్టా మిషనుకు వీరే ఆద్యులు. గ్రోవ్స్ 1837 నుండి కొంతకాలం చిత్తూరులో నివసించి, వ్యవసాయం ద్వారా మిషను పనికి ఆధారం కల్పించడానికి ప్రయత్నించాడు. 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంటనే కన్నుమూశాడు. ఈ విధంగా ముల్లర్, గ్రోవ్స్ పాటించిన ఆర్థిక నియమాలు గోదావరి మండలంలోని బ్రదరన్ సంఘాలకు కూడా చేరాయి.

విమర్శలు, వివాదాలు

ముల్లర్ విధానంపై అతని కాలంలోనే విమర్శలు వచ్చాయి. ఎవరినీ అడగనని చెబుతూ, ప్రతి సంవత్సరం కొరత రోజుల వివరాలతో నివేదికలు ప్రచురించడం కూడా ఒక విధమైన యాచనే కదా అన్నది వాటిలో ముఖ్యమైనది. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పడం తన బాధ్యత అనీ, అవసరం ఉన్న సమయంలో ఆ అవసరాన్ని తెలుపనని మాత్రమే తన నియమమనీ ముల్లర్ వివరించాడు. నివేదికలు విరాళాలను పెంచాయన్నది కాదనలేని సంగతి. పెద్దలు తమ విశ్వాసాన్ని పరీక్షకు పెట్టుకోవచ్చు గాని, పిల్లల ఆహారాన్ని పరీక్షకు పెట్టవచ్చునా అన్నది మరొక ప్రశ్న. పిల్లలకు ఏనాడూ భోజనం తప్పలేదని ముల్లర్ నమోదు చేశాడు. అయితే ఆ భోజనం వచ్చే దారి కొన్నిసార్లు గంట ముందు కూడా తెలిసేది కాదని అతని దినచర్యే చెబుతుంది.

శరణాలయంలో చేర్చుకునే నిబంధన కూడా విమర్శకు గురయింది. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారిని, అదీ చట్టబద్ధమైన వివాహం ద్వారా జన్మించినవారిని మాత్రమే చేర్చుకునేవారు. అవివాహిత తల్లుల పిల్లలకు ఈ ద్వారం తెరుచుకోలేదు. మరోవైపు, ఆ కాలపు ఇతర శరణాలయాలలో వలె దాతల సిఫారసు గాని, ఓట్లు గాని ఇక్కడ అవసరం లేదు. దరఖాస్తు చేసుకున్న వరుసలో చేర్చుకునేవారు.

1848లో బ్రదరన్ సమాజంలో తీవ్రమైన చీలిక ఏర్పడింది. ఒక బోధకుని సిద్ధాంతాలలో దోషముందని జాన్ నెల్సన్ డార్బీ ఆరోపించి, ఆ సంఘంతో సంబంధమున్నవారందరినీ దూరంగా ఉంచాలన్నాడు. బెతెస్ద సంఘం ముల్లర్, క్రెయిక్ నాయకత్వంలో ఎవరికి వారిని విచారించి చేర్చుకుంటామని నిలిచింది. దీనితో బ్రదరన్‌లు రెండుగా చీలారు. ఈ విభేదం ముల్లర్ జీవితకాలంలో సమసిపోలేదు.

ప్రపంచ యాత్రలు

1870 ఫిబ్రవరిలో భార్య మేరీ మరణించింది. 1871 నవంబరులో ముల్లర్ సుసన్నా గ్రేస్ సాంగర్‌ను వివాహమాడాడు. అదే నెలలో లిడియాకు శరణాలయంలో తన సహాయకుడైన జేమ్స్ రైట్‌తో వివాహమైంది. క్రమంగా నిర్వహణ బాధ్యతలను రైట్‌కు అప్పగించి, 1875లో, తన డెబ్భైవ యేట, ముల్లర్ బోధనా యాత్రలు ప్రారంభించాడు. 1892 వరకు నలభై రెండు దేశాలలో, రెండు లక్షల మైళ్ళకు పైగా ప్రయాణించాడు. 1883-84లో భారతదేశంలో మద్రాసు, కలకత్తా మొదలైన చోట్ల ప్రసంగించాడు. 1890 జనవరిలో రెండవసారి భారతదేశంలో ఉండగా లిడియా మరణవార్త అతనికి జబల్పూరులో తంతి ద్వారా అందింది.

చివరి రోజులు

యాత్రలు ముగిసిన తరువాత ముల్లర్ ఆష్లీ డౌన్‌లోని మూడవ భవనంలో నివసించాడు. 1898 మార్చి 9 సాయంత్రం శరణాలయంలో ప్రార్థన కూటం నడిపించి గదికి వెళ్ళాడు. మరునాటి ఉదయం టీ తీసుకువెళ్ళిన సహాయకురాలికి మంచం పక్కన నేలపై నిర్జీవంగా కనిపించాడు. అప్పటికి వయసు 92 సంవత్సరాలు. మార్చి 14న జరిగిన అంత్యక్రియలకు బ్రిస్టల్ వీధులలో వేలాది ప్రజలు నిలబడ్డారు. శరణాలయం పిల్లలు శవపేటిక వెంట నడిచారు. ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో భార్యల సమాధుల వద్ద ఇతనిని ఖననం చేశారు.

ఇల్లు, పొలం, బ్యాంకు నిధి ఏవీ అతని పేర లేవు. వదిలి వెళ్ళినట్లు లెక్కకు వచ్చిన 160 పౌండ్లలో పెద్ద భాగం పుస్తకాలు, గృహోపకరణాల విలువే.

తరువాతి కాలం

ముల్లర్ మరణించే నాటికి శరణాలయాలలో 10,024 మంది పిల్లలు పెరిగారు. లేఖన జ్ఞాన సంస్థ సహాయం పొందిన పాఠశాలలలో లక్షకు పైగా విద్యార్థులు చదువుకున్నారు. సంస్థ దాదాపు 2,85,000 బైబిళ్ళను, 14 లక్షలకు పైగా కొత్త నిబంధన ప్రతులను పంచింది. చైనాలో హడ్సన్ టేలర్ ప్రారంభించిన మిషనుతో సహా అనేక దేశాలలోని మిషనరీలకు ధనసహాయం అందించింది.

జేమ్స్ రైట్, అతని తరువాతివారు అవే నియమాలపై శరణాలయాలను కొనసాగించారు. పిల్లల పెంపకంపై మారిన అభిప్రాయాలకు అనుగుణంగా ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలంలో పిల్లలను చిన్న చిన్న కుటుంబ గృహాలకు మార్చారు. ఆష్లీ డౌన్ భవనాలను 1958లో బ్రిస్టల్ నగర పాలక సంస్థకు విక్రయించగా, అవి విద్యాసంస్థల అవసరాలకు ఉపయోగపడ్డాయి. ముల్లర్ పేర ఏర్పడిన ధర్మసంస్థ బ్రిస్టల్‌లో అతని జ్ఞాపకాలను, శరణాలయాల రికార్డులను భద్రపరచింది. ప్రతి కానుకను నమోదు చేసిన వార్షిక నివేదికలు, దినచర్య ఆధారంగా ముల్లర్ వెలువరించిన స్వీయ వృత్తాంతం అతని జీవితానికి ప్రధాన ఆధారాలుగా నిలిచాయి.